పెనాంగ్ జార్జిటౌన్‌కు కుటుంబ యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

మలేషియా వాయవ్య తీరానికి ఎదురుగా పెనాంగ్ ద్వీపం ఉంది. దాని ఈశాన్య మూలన ఉన్న పాత రేవు పట్టణం జార్జిటౌన్. పిల్లల్నీ, అమ్మానాన్నల్నీ వెంటబెట్టుకుని వెళ్లే తెలుగు కుటుంబాలకు పనికొచ్చే వివరాలు కింద ఉన్నాయి. ఒక్క మాట ముందే చెప్పాలి. ఇది టిక్కెట్టు కొని చూసి వచ్చేసే ఊరు కాదు, నీటి ఒడ్డు నుంచి లోపలికి నడుస్తూ చదువుకోవాల్సిన ఊరు. ఆ వరుసలో చూస్తే పదేళ్ల పిల్లకి కూడా అర్థమవుతుంది.

అసలు ఈ ఊరి కథేంటి? పిల్లలకు ఎలా చెప్పాలి?

1786లో ఈస్ట్ ఇండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ అనే ఓడ వర్తకుడు ఇక్కడ దిగాడు. అప్పట్లో ఈ ద్వీపం కెడా సుల్తాన్‌ది. చైనాకు వెళ్లే ఓడలు ఆగడానికి కంపెనీకి ఒక మజిలీ కావాలి. లైట్ దీన్ని సుంకం లేని రేవుగా ప్రకటించాడు. దాంతో చైనా, తమిళ తీరం, సుమత్రా, అరేబియా, ఆర్మేనియా వర్తకులు వచ్చి ఎవరి వీధి వాళ్లు కట్టుకున్నారు. మిరియాలు, జాజికాయ, లవంగాలు, ఆ తర్వాత తగరం, రబ్బరు ఈ రేవు మీదుగానే పోయేవి. భారతదేశం నుంచి బట్టలూ, నల్లమందూ వచ్చేవి. 1819లో సింగపూర్ మొదలయ్యాక పెనాంగ్ రెండో స్థానానికి జారింది. 1969లో సుంకం లేని రేవు హోదా కూడా పోయింది. అయినా పాత వీధులు చాలావరకు నిలిచే ఉన్నాయి. 2008 జూలైలో మెలాకాతో పాటు జార్జిటౌన్‌ను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

పిల్లలకు తేదీలు చెప్పే కంటే, "ఈ వీధిలో ఏం అమ్మేవాళ్లు? అది ఎక్కడి నుంచి వచ్చేది?" అని అడుగుతూ నడిపించండి.

వీసా కావాలా?

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు. ఈ సడలింపు 2026 డిసెంబరు 31 వరకు ఉంది. ఆ తర్వాత వెళ్లేవాళ్లు టిక్కెట్టు కొనే ముందే సరిచూసుకోవాలి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు, తిరుగు టిక్కెట్టు, హోటల్ బుకింగ్ కాగితం దగ్గర ఉంచుకోండి.

అందరూ మర్చిపోయేది డిజిటల్ అరైవల్ కార్డు. దిగే రోజుకు మూడు రోజుల ముందు నుంచి మాత్రమే నింపగలరు. పసిపిల్లలతో సహా ఒక్కొక్కరికీ విడిగా నింపాలి. మలేషియా ఇమిగ్రేషన్ శాఖ సైట్‌లో ఇది పూర్తిగా ఉచితం. గూగుల్‌లో వెతికితే పైన కనబడే కొన్ని సైట్లు దీనికి డబ్బు అడుగుతాయి. డబ్బు కట్టమన్న చోటే ఆగిపోండి, అది అసలు సైట్ కాదు.

ఎలా చేరుకోవాలి?

హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా విమానాలున్నాయి. అక్కడి నుంచి పెనాంగ్‌కు గంటలోపు విమాన ప్రయాణం. రెండు టిక్కెట్లు విడివిడిగా కొంటే ఒక చిక్కు ఉంది. కౌలాలంపూర్‌లో ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, మళ్లీ చెకిన్ చేయాలి. పైగా ఎయిర్ ఏషియా రెండో టెర్మినల్ నుంచి, మలేషియా ఎయిర్‌లైన్స్ ఒకటో టెర్మినల్ నుంచి నడుస్తాయి. వాటి మధ్య రైలు మూడు నిమిషాల్లో వెళ్తుంది కానీ ఎక్కడం, దిగడం, లైన్లు కలిపితే చాలా సమయం పోతుంది. కనీసం నాలుగు గంటల తేడా ఉంచుకోండి. ఒకే టిక్కెట్టులో పెనాంగ్ వరకు కొనడమే నయం.

కౌలాలంపూర్‌లో కూడా రెండు రోజులు ఉండేవాళ్లకు రైలే మంచిది. కౌలాలంపూర్ ప్రధాన స్టేషన్ కేఎల్ సెంట్రల్ నుంచి బటర్‌వర్త్‌కు ఈటీఎస్ అనే వేగమైన రైలు నాలుగు, నాలుగున్నర గంటల్లో వెళ్తుంది. బటర్‌వర్త్ ప్రధాన భూభాగంలో ఉంది. స్టేషన్ నుంచి నడకదారిలో ఫెర్రీ రేవుకు వెళ్లి పడవ ఎక్కితే పదిహేను, ఇరవై నిమిషాల్లో జార్జిటౌన్ చేరతారు. ఈ ఫెర్రీలో కార్లు ఎక్కించరు, మనుషులూ ద్విచక్ర వాహనాలే. కారులో వచ్చేవాళ్లు పదమూడున్నర కిలోమీటర్ల పెనాంగ్ వంతెన మీదుగా రావచ్చు.

వీలుంటే ఒక్కసారైనా ఫెర్రీలోనే రండి. వంతెన మీద నుంచి దిగితే ఇది మరో నగరంలా కనిపిస్తుంది. పాత వర్తకులు చూసినట్టు నీటి మీద నుంచి చూస్తే ఈ ఊరు ఎందుకు ఇక్కడ పుట్టిందో తెలుస్తుంది. వారాంతాల్లో, మలేషియా స్కూలు సెలవుల్లో రైలు టిక్కెట్లు ముందే అయిపోతాయి.

ఏ నెలలో వెళ్లాలి?

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాన తక్కువ. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎక్కువ. ఎండ, ఉక్కపోత మాత్రం ఏడాది పొడవునా మచిలీపట్నం మే నెలను గుర్తుచేస్తాయి. చైనా కొత్త సంవత్సరం మొదటి రెండు మూడు రోజులు పాత ఊళ్లో దుకాణాలు, తిండి బండ్లు చాలా మూసేస్తారు. మురుగన్ పండగ తైపూసం నాడు, అంటే జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో, రథాలు, కావళ్లు, కొబ్బరికాయలతో వీధులన్నీ నిండిపోతాయి. చూడదగ్గ సంబరమే కానీ ఆ రోజు టాక్సీ మీద ఆధారపడకండి.

ఎన్ని రోజులు సరిపోతాయి?

మూడు రాత్రులు. పాత ఊరికి రెండు ఉదయాలు, పెనాంగ్ హిల్‌కూ కెక్ లోక్ సీ గుడికీ ఒక రోజు. ఒక్క రోజులో ముగించాలనుకున్న కుటుంబాలు మధ్యాహ్నం ఒంటిగంటకే అలిసిపోయి గొడవపడతాయి. కారణం ఎండే.

ఎక్కడ దిగాలి?

బీచ్ కావాలని చాలామంది బటు ఫెరింగీలో గది తీసుకుంటారు. అది పాత ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరం, కొండ అంచు వంకర దారి. రోజూ అటూ ఇటూ తిరగాలంటే గంటన్నర పోతుంది. జార్జిటౌన్ కోసమే వెళ్తుంటే పాత ఊళ్లోనే ఉండండి. మధ్యాహ్నం గదికి వెళ్లి పడుకునే వీలుంటుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తే ఈ ఒక్క సౌకర్యం యాత్రను నిలబెడుతుంది.

పాత దుకాణపు ఇళ్లను హోటళ్లుగా మార్చినవి అందంగా ఉంటాయి. బుక్ చేసే ముందు నాలుగు సంగతులు అడగండి: లిఫ్ట్ ఉందా, గదికి కిటికీ ఉందా, కింది అంతస్తులో గది దొరుకుతుందా, మూడో మంచం పడుతుందా. ఈ ఇళ్లు ముఖం ఇరుకుగా, లోపలికి చాలా పొడుగ్గా ఉంటాయి. అందుకే మధ్య గదులకు కిటికీ ఉండదు. చెక్క మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. లవ్ లేన్, చూలియా వీధి చివర్లలో రాత్రి పొద్దుపోయేదాకా బార్ల సంగీతం వినిపిస్తుంది.

విదేశీయులకు గదికి రాత్రికి 10 రింగిట్లు (మలేషియా డబ్బు) పర్యాటక పన్ను ఉంది. ఆన్‌లైన్‌లో కట్టిన మొత్తంలో ఇది లేకపోతే హోటల్ కౌంటర్ దగ్గర అడుగుతారు. అది మోసం కాదు.

పాత ఊరిని ఏ వరుసలో నడవాలి?

ఉదయం ఏడున్నరకల్లా వెల్డ్ కీ రోడ్డులోని చ్యూ జెట్టీ దగ్గర మొదలుపెట్టండి. సముద్రంలో గుంజలు పాతి, వాటి మీద చెక్క బల్లలు పరిచి కట్టుకున్న ఇళ్ల వరుస ఇది. ఒకే ఇంటిపేరున్న చైనా కుటుంబాలన్నీ ఒక జెట్టీ మీద ఉంటాయి. పక్కనే లిమ్, టాన్, లీ జెట్టీలు. వాళ్ల పెద్దలు పడవల్లోంచి సరుకు దించే పని చేసేవాళ్లు. బల్లల సందుల్లోంచి కింద బురద, నీళ్లు, పాకే చిన్న చిన్న పీతలు కనిపిస్తాయి. పిల్లలు అక్కడే బోర్లా పడుకుని చూస్తుంటారు. అంచుకు రెయిలింగ్ లేని చోట్లు ఉన్నాయి కాబట్టి ఐదేళ్లలోపు పిల్లల చెయ్యి వదలకండి. ఇవి ఇప్పటికీ మనుషులుండే ఇళ్లు. గుమ్మంలోకి తొంగిచూడడం, ఇంట్లోవాళ్లను అడక్కుండా ఫోటో తీయడం వద్దు.

అక్కడి నుంచి ఆర్మేనియన్ వీధి. ఇక్కడే 2012లో లిథువేనియా చిత్రకారుడు ఎర్నెస్ట్ జకరేవిచ్ గోడ మీద ఇద్దరు పిల్లల్ని గీసి, ముందు నిజం సైకిల్ ఆనించాడు. తొమ్మిది దాటితే దీని ముందు పెద్ద లైనే ఉంటుంది, ఎనిమిదికి చేరితే పది నిమిషాల్లో అయిపోతుంది. తొమ్మిదికి ఖూ కాంగ్సీ అనే చైనా వంశ మందిరం తెరుస్తారు. తర్వాత కపితాన్ కెలింగ్ మసీదు, మహామారియమ్మన్ గుడి, కరుణాదేవత చైనా గుడి, సెయింట్ జార్జ్ చర్చి. అన్నీ దాదాపు ఒకే దారి మీద ఉన్నాయి. పదకొండున్నరకు లిటిల్ ఇండియాలో భోజనం, పన్నెండు నుంచి నాలుగు వరకు గదిలో విశ్రాంతి.

సాయంత్రం కార్న్‌వాలిస్ కోట, పక్కనే సముద్రపు ఒడ్డు మైదానం. కోట మొదట తాటి జాతి దుంగల కంచె. 1800ల మొదటి పదేళ్లలో ఖైదీల చేత ఇటుకా రాయితో కట్టించారు. అక్కడున్న సెరి రంబాయ్ ఫిరంగి మీద 1603 అని ఉంటుంది. అది డచ్చివాళ్లది. జొహోర్, ఆచే, సెలంగోర్ చేతులు మారి ఇక్కడికి వచ్చింది. బయట ఉన్న గడియార స్తంభం ఎత్తు 60 అడుగులు. విక్టోరియా రాణి ఏలిన ఒక్కో ఏడాదికీ ఒక్కో అడుగు చొప్పున చైనా వర్తకుడు చియా చెన్ ఇయోక్ కట్టించాడు. కొంచెం పక్కకు ఒరిగి ఉందేమో పిల్లల్ని కనిపెట్టమనండి.

నడిచేటప్పుడు ఒకటి గమనించండి. బీచ్ వీధిలో బీచ్ ఉండదు, బ్యాంకులుంటాయి. ఒకప్పుడు సముద్రం అక్కడిదాకా ఉండేది. 1880లలో ఒడ్డును పూడ్చి వెల్డ్ కీ వేశారు. బీచ్ వీధి నుంచి నీటి వైపు దిగే అడ్డదారుల బోర్డుల మీద "గాట్" అని ఉంటుంది. అది మన ఘాట్, రేవు మెట్లు అన్న మాటే. ఆ మాట కనిపించినప్పుడల్లా మీరు పాత ఒడ్డును దాటుతున్నారని లెక్క.

మ్యాప్‌లో వీధి పేర్లు ఎందుకు కలవడం లేదు?

ప్రతి వీధికీ ఇంగ్లిషు పేరొకటి, మలయ్ పేరొకటి. లెబు అంటే వీధి, జలాన్ అంటే రోడ్డు, లోరోంగ్ అంటే సందు. బీచ్ వీధిని లెబు పంతాయ్ అంటారు, పిట్ వీధిని జలాన్ మస్జిద్ కపితాన్ కెలింగ్ అంటారు. అన్నిటికంటే ఎక్కువమంది పొరబడేది పెనాంగ్ వీధి, పెనాంగ్ రోడ్డు దగ్గర. లెబు పెనాంగ్ లిటిల్ ఇండియాలో ఉంది. జలాన్ పెనాంగ్ కొమ్‌తార్ అనే ఎత్తైన భవనం వైపు, కిలోమీటరు దూరంలో. టాక్సీ యాప్‌లో లెబునో జలానో చూసి నొక్కండి.

స్ట్రోలర్ తీసుకెళ్లవచ్చా? మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నడవగలరా?

స్ట్రోలర్ వద్దు, ఒంటికి కట్టుకునే బేబీ క్యారియర్ తీసుకెళ్లండి. దుకాణాల ముందు ఐదడుగుల వెడల్పున కప్పున్న అరుగుదారి ఉంటుంది. మలయ్‌లో కాకి లిమా, ఐదడుగులు అనే అర్థం. ఎండా వానా తగలకుండా నడవమని కట్టిందే. కానీ ఒక్కో ఇంటి అరుగు ఒక్కో ఎత్తు. నాలుగు అడుగులకో మెట్టు ఎక్కాలి, దిగాలి. మధ్యలో మోటార్ సైకిళ్లు, కుర్చీలు, సరుకు డబ్బాలు. దిగి రోడ్డు మీద నడుద్దామంటే పక్కనే తెరిచిన మురుగు కాల్వ. తడిసిన నునుపు టైల్స్ మీద రబ్బరు చెప్పులు జారతాయి, వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోవాలి.

పెద్దవాళ్లకు రెండు దారులు. ఒకటి, పాత ఊరిని చుట్టి వచ్చే క్యాట్ అనే ఉచిత బస్సు. రెండోది ట్రైషా అనే సైకిల్ రిక్షా: సీటు ముందుంటుంది, తొక్కే ఆయన వెనక ఉంటాడు. గంటకు ఎంతో, ఏ వీధులో ఎక్కక ముందే మాట్లాడుకోండి. ఒక్కరికా మొత్తానికా అన్నది కూడా తేల్చుకోండి.

ఖూ కాంగ్సీ, పెరనకన్ భవనం, నీలి భవనం: మూడూ చూడాలా?

పిల్లలుంటే మొదటి రెండూ చాలు.

ఖూ కాంగ్సీ అంటే ఖూ ఇంటిపేరు వాళ్ల వంశ మందిరం. కొత్తగా కట్టిన మందిరం 1901లో కాలిపోయింది. రాజభవనంలా కట్టినందుకు దేవతలకు కోపం వచ్చిందని చెప్పుకున్నారు. కొంచెం తగ్గించి 1906లో మళ్లీ కట్టారు. ఆ తగ్గించిందే ఇంత ఉంది. పైకప్పు అంచు మీది డ్రాగన్లను, పూలను దగ్గరగా చూడండి. అవి రంగులద్దిన బొమ్మలు కావు. రంగు పింగాణీ గిన్నెలను పగలగొట్టి, ముక్కల్ని కత్తిరించి, సున్నంలో ఒక్కొక్కటే గుచ్చారు. రేకుల అంచుల్లో గిన్నె వంపు ఇంకా తెలుస్తుంది. ఫోన్ కెమెరా జూమ్ చేసి పిల్లలకు చూపించండి.

చర్చ్ వీధిలోని పెరనకన్ భవనం 1890ల నాటి చైనావాళ్ల పెద్ద (కపితాన్) చుంగ్ కెంగ్ క్వీ ఇల్లు. చైనా, మలయ్ అలవాట్లు కలిసిన కుటుంబాల వస్తువులు అక్కడున్నాయి. ఆవగింజంత పూసలతో కుట్టిన ఆడవాళ్ల చెప్పుల దగ్గర ఎక్కువసేపు ఆగండి.

చియోంగ్ ఫాట్ ట్జె కట్టించిన నీలి భవనానికి ఆ రంగు సున్నంలో నీలిమందు కలిపి వేయడం వల్ల వచ్చింది. గైడ్‌తో చూస్తే వివరణ ఇంగ్లిషులో ఎక్కువసేపు సాగుతుంది. పన్నెండేళ్లలోపు పిల్లలకు ఓపిక చాలదు.

మసీదులోకి, గుడిలోకి వెళ్లనిస్తారా?

వెళ్లనిస్తారు. మసీదులో నమాజు వేళల్లో, శుక్రవారం మధ్యాహ్నం సందర్శకులకు ప్రవేశం ఉండదు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు లేకపోతే అక్కడే పొడుగు అంగీ ఇస్తారు. క్వీన్ వీధిలోని మహామారియమ్మన్ గుడి 1833 నాటిది, పెనాంగ్‌లో అన్నిటికంటే పాత హిందూ ఆలయం. మన గుళ్లలాగే మధ్యాహ్నం తలుపులు వేస్తారు, పొద్దునో సాయంత్రమో వెళ్లండి.

మేం శాకాహారులం. ఇబ్బంది పడతామా?

ఎక్కడ తినాలో తెలిస్తే పడరు. లిటిల్ ఇండియాలో తమిళ శాకాహార హోటళ్లున్నాయి. ఇడ్లీ, దోసె, అరటాకు భోజనం దొరుకుతాయి. చిక్కంతా బయటి బండ్ల దగ్గరే.

"సయుర్" అంటే కూరగాయ. సయుర్ కావాలంటే కూరగాయలే ఇస్తారు, కానీ అందులో బెలచాన్ వేస్తారు. అది ఎండు రొయ్యపొట్టు ముద్ద. తోటకూరలా కనిపించే కంగ్‌కుంగ్ వేపుడులో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. అసమ్ లక్సా అనే నూడుల్స్ చింతపండు పులుసులా ఉంటుంది గానీ చేపతో చేస్తారు. నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం పక్కనుండే సంబల్ కారంలో చిన్న ఎండుచేపలు. రోటి చనాయ్ అనే పొరల పరోటాతో ఇచ్చే పప్పు మీద అలవాటుగా చేపల పులుసు ఒక గరిటె పోస్తారు. "దాల్ సహజ", పప్పు మాత్రమే అని ముందే చెప్పాలి. గుర్తుంచుకోవాల్సిన మాటలు: దగింగ్ మాంసం, లెంబు గొడ్డుమాంసం, బాబీ పంది, అయమ్ కోడి, ఇకాన్ చేప, ఉడాంగ్ రొయ్య, తెలూర్ గుడ్డు. వీటి ముందు "తక్ మావు" చేరిస్తే వద్దు అని అర్థం.

చైనా శాకాహార హోటళ్లు మంచి దారి. బౌద్ధ పద్ధతిలో వండేవాటిలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మెనూలో "మటన్", "చేప" అని ఉన్నా అవి సోయా లాంటి వాటితో చేసినవే. ఇంకో రహస్యం: ఎక్కువగా అక్టోబరు ప్రాంతంలో తొమ్మిది చక్రవర్తి దేవతల పండగ వస్తుంది. ఆ తొమ్మిది రోజులూ పసుపు జెండాలు కట్టి ఊరంతా శాకాహార బండ్లు పెడతారు. మామూలు రోజుల్లో మీరు తినలేని నూడుల్స్ అన్నీ అప్పుడు తినవచ్చు. శాకాహార కుటుంబానికి వాన భరించైనా అక్టోబరే మేలు.

టీ తాగేవాళ్లకు: తెహ్ తారిక్‌లో పోసే చిక్కని డబ్బా పాలవల్ల తీపి మరీ ఎక్కువ. "కురాంగ్ మానిస్" అంటే తీపి తగ్గిస్తారు.

మాంసాహారులు తప్పక తినాల్సింది?

నాసి కందర్. కందర్ అంటే కావడి. తమిళ ముస్లింలు ఒక కుండలో అన్నం, ఒక కుండలో కూరలు కావడి మోసుకుని రేవు కూలీలకు అమ్మేవాళ్లు. ఈ ఊరి చరిత్ర ఒక పళ్లెంలో ఉంది. "కువా బంజీర్" అంటే నాలుగైదు రకాల పులుసులు కలిపి అన్నం మునిగేలా పోస్తారు. చేయి చూపించిన ప్రతి ముక్కకూ విడిగా ధర, పెద్ద రొయ్య పెడితే బిల్లు ఒక్కసారిగా పెరుగుతుంది. చార్ కొయ్ తియావ్ అనే నూడుల్స్ వేపుడులో చాలాచోట్ల పంది కొవ్వు వాడతారు, వద్దనుకుంటే హలాల్ బోర్డు ఉన్న చోటే తినండి.

తెలుగువాళ్లకూ ఈ ఊరికీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, కానీ వెతికితేనే కనబడుతుంది. కపితాన్ కెలింగ్ మసీదు పేరులోని కెలింగ్ అన్న మాట కళింగ నుంచి వచ్చింది. మన ఉత్తర తీరం నుంచి వెళ్లిన ఓడలవాళ్లను మొదట అలా పిలిచి, తర్వాత దక్షిణాది వాళ్లందరికీ వాడారు. మసీదు కట్టించింది మాత్రం తమిళ ముస్లిం వర్తకుడు కాదర్ మొహిదీన్, 1801లో. ఈ రోజుల్లో ఆ మాటతో మనుషుల్ని పిలవడం తిట్టు కింద లెక్క. భవనం పేరుగా తప్ప నోట రానివ్వకండి.

మలయ్ మగవాళ్లు కట్టుకునే గళ్ల లుంగీని కయిన్ పెలికాట్ అంటారు. పెలికాట్ అంటే పులికాట్. సూళ్లూరుపేట పక్కన మనం ఫ్లెమింగోలు చూడ్డానికి వెళ్లే సరస్సు ఒడ్డునున్న ఆ పాత రేవు పేరే. దుకాణంలో ఆ లుంగీ చూపించి పిల్లలకు చెప్పండి.

ఆ తర్వాతి కాలంలో విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి వేలాదిమంది కూలీలుగా మలయా తోటలకు వెళ్లారు. వాళ్ల వారసులు పెరాక్ రాష్ట్రంలోని బాగాన్ దాతో చుట్టుపక్కల ఎక్కువ. జార్జిటౌన్ లిటిల్ ఇండియాలో మీకు వినిపించేది తమిళమే.

పెనాంగ్ హిల్‌కు ఎప్పుడు వెళ్లాలి?

వారం మధ్య రోజున, తెరిచిన గంటలోపు. 1923లో మొదలైన రైలు మార్గం ఇది, ఇప్పుడున్న పెట్టెలు కొత్తవి. తాడు లాగే రైలు సుమారు రెండు కిలోమీటర్లు నిట్టనిలువుగా ఎక్కుతుంది. శని, ఆదివారాల్లో లైన్ గంట పైనే ఉంటుంది. మధ్యాహ్నం మబ్బు కమ్మితే పైనుంచి ఏమీ కనిపించదు. దిగాక దగ్గర్లోని కెక్ లోక్ సీ గుడికి వెళ్లండి. కంచు కరుణాదేవత విగ్రహం వరకు మెట్లు ఎక్కలేనివాళ్లకు చిన్న టిక్కెట్టుతో వాలు లిఫ్ట్ ఉంది.

బ్యాగులో ఏం పెట్టుకోవాలి?

చదరపు కాళ్ల మూడు పిన్నుల ప్లగ్ అడాప్టర్. మన ప్లగ్ అక్కడ పట్టదు. దోమల క్రీము, మడత గొడుగు, చిన్న నోట్లు. తిండి బండ్లవాళ్లు స్థానిక క్యూఆర్ తీసుకుంటారు, లేదంటే నగదు, మన కార్డు తీసుకోరు. అక్కడి టైమ్ మనకంటే రెండున్నర గంటలు ముందు.

ఇంటికి ఏం తెచ్చుకోవచ్చు?

జాజికాయ. కంపెనీ కాలంలో మొలుక్కా దీవుల నుంచి మొక్కలు తెచ్చి ఇక్కడ వేశారు, ఇప్పటికీ కొండవాలుల్లో పండుతుంది. మనం వాడేది గింజ. వాళ్లు పైనున్న కండను కూడా పంచదారలో ఊరబెట్టి ఎండబెట్టి అమ్ముతారు, రసం తీసి తాగుతారు. ఎండు ముక్కలు మూత బిగించిన ప్యాకెట్‌లో కొనండి, మొక్కలు, పచ్చి గింజలు మాత్రం తేవద్దు. తావు సార్ పియా అనే పెసరపప్పు బిస్కెట్లు కూడా బాగుంటాయి. పాత పద్ధతిలో వీటి పిండిలో పంది కొవ్వు కలుపుతారు, డబ్బా మీద శాకాహారం అని ఉందో లేదో చూసి తీసుకోండి. డురియన్ పండు అక్కడే తినేయండి. హోటల్ గదిలోకి తెస్తే జరిమానా వేస్తారు.